గేటు వెయ్యి

కొత్త ఇల్లు, మూడో అంతస్తు,
మంగళవారం పొద్దున

బావకి,

పెద్దవాడివి కనక ముందు దండం. అది అయిపోయింది, ఇక విషయానికొస్తా.

ఇల్లు దొరికింది. అద్దెదే, కానీ మామూలు ఇల్లు కాదు. గేటున్న ఇల్లు. గేటంటే ఇంటి ముందు ఇనపచువ్వల తలుపు అనుకునేవు. కాదు. చుట్టూ ప్రహరీగోడ, లోపల నాలుగు మేడలు, అన్నిటికీ కలిపి ఒకటే దారి. ఆ దారికి అడ్డంగా ఎరుపు తెలుపు చారల గడ. అచ్చం మన రైలుగేటు గడలాగే ఉంది, కాకపోతే దానికి పుట్టిన పిల్ల. కాపలా మనిషి గుండీ నొక్కితే దానంతటదే లేస్తుంది, దానంతటదే వాలుతుంది. చక్రం తిప్పే పనిలేదు, గొలుసు లాగే పనిలేదు. మొదటిసారి చూసినప్పుడు సామాను ఆటోలోనే వదిలేసి అక్కడే నిలబడిపోయాను. "పెద్దాయనా, ఎక్కుతారా దిగుతారా?" అని ఆటోవాడు ఒకటే గోల. "ఉండవయ్యా, ఇంకోసారి లేస్తుందేమో చూడనీ" అన్నాను.

సర్వీసంతా నేను జనానికి గేటు తీశాను. లారీలకి తీశాను, పెళ్ళిబస్సులకి తీశాను, గొర్రెల మందలకి తీశాను. ఒక్కడైనా మంచిమాట అన్నాడా? "ఇంతసేపా, నిద్రపోయావా?" అన్నవాళ్ళే అందరూ. రిటైరైన రోజునే అనుకున్నా, నాకు ఇంకొకళ్ళు గేటు తీసే ఇంట్లో ఉండి తీరాలని. ఇప్పుడు తీస్తున్నారు బావా! పాల ప్యాకెట్టుకి వెళ్ళినా తీస్తున్నారు. నడిచి వెళ్ళేవాళ్ళకి పక్కన వేరే సందు ఉంది, గడ లేపక్కర్లేదట. నేను ఆ సందులోంచి వెళ్ళను. గడ ముందు నిలబడి గొంతు సవరించుకుంటాను. కాపలా ఆవిడ నవ్వు ఆపుకుని గుండీ నొక్కుతుంది.

అవును, కాపలా ఉండేది ఆడమనిషే. మెరిసే బూట్లు, మెడలో ఈల. నాకు సెల్యూట్ కొడుతుంది! మొదటిరోజే చెప్పాను, "గడ వాల్చేటప్పుడు గడ కింద చూడాలమ్మా, గుండీ వంక కాదు" అని. "సార్ ఇంతకుముందు సెక్యూరిటీనా?" అంది. "సెక్యూరిటీ ఏంటి, రైల్వే!" అన్నా.

వంటగది గోడకి ఫోనులాంటి డబ్బా ఒకటుంది. ఎవరైనా నా కోసం వస్తే ఆవిడ కిందనుంచి మోగించి "పంపమంటారా?" అని అడుగుతుంది. నేను ఊ అంటేనే మనిషి లోపలికి. ఇంతవరకూ ఎవరూ రాలేదు. మోగక మోగక దానికి గొంతు పట్టేస్తుందేమోనని పొద్దున్నే తుడుస్తున్నాను.

గదులు రెండు. ఒకటి నాది. రెండో దానితో నాకు పనిలేదు. కిటికీ తెరిస్తే దూరంగా రైలుపట్టాలు కనిపిస్తాయి, బళ్ళు కూడా కనిపిస్తాయి. ఊరికే చెబుతున్నా. సామాన్లలో నా పచ్చజెండా క్షేమంగా వచ్చింది. ఎర్రదాన్ని ఎలుకలు కొట్టేశాయి.

ఫోను చెయ్యొచ్చు. కానీ నీ చెవులు ఇంజను పట్టుకుపోయింది. నువ్వు "ఏంటీ? ఏంటీ?" అనడం, నేను అరవడం, కొట్టుకుంటున్నామనుకుని పక్కింటివాళ్ళు రావడం. కొత్తచోట మర్యాదగా ఉండదు. అందుకే రాస్తున్నా. ఒత్తులు తప్పితే నువ్వే వేసుకో.

ఒకసారి వచ్చి చూసిపో. కళ్ళు చెదురుతాయి.

నీ బామ్మర్ది


పాత వీధి, వాటర్ ట్యాంకు పక్కన,
శుక్రవారం

ఒరేయ్ బామ్మర్దీ,

ముందు కవరు సంగతి తేల్చు. "రైలు డ్రైవరు గారు, వాటర్ ట్యాంకు పక్కన" అని రాస్తావేంట్రా? పోస్టుమ్యాన్ నవ్వుతూ ఇస్తున్నాడు. నాకు మా అమ్మానాన్నలు పెట్టిన పేరుంది. నిండుగా, మూరెడు పొడుగున, అక్షరం అక్షరానికీ బరువున్న పేరు. ఇన్నేళ్ళలో ఒక్కసారి రాశావా?

ఇక నీ గేటు. గేటువాడికి గేటున్న ఇల్లు దొరికిందని ఊరంతా చెప్పాను, అందరూ నవ్వారు. బెస్తవాడు రిటైరై చెరువులో కాపురం పెట్టినట్టుంది నీ వ్యవహారం. రోజంతా గడ చూస్తూ కూర్చోడానికైతే రిటైరవ్వడం ఎందుకు?

వచ్చి చూసిపొమ్మన్నావు. ఒక్క విషయం గుర్తుందా నీకు? నేను వస్తున్నానంటే నువ్వు గేటు వేసేవాడివి. గేటు వెయ్యడమంటే జనానికి ఆగడం, నాకు దారి. లారీలు, బస్సులు, ఆఫీసర్ల జీపులు అటూ ఇటూ బారులు తీరేవి. నువ్వు జెండా పట్టుకుని కర్రలా నిలబడేవాడివి. నేను మధ్యలోంచి దొరలా పోయేవాణ్ణి. సర్వీసులో సిగ్నలు దగ్గర ఆగాను, స్టేషన్లో ఆగాను, గేటు దగ్గర మాత్రం ఆగినవాణ్ణి కాదు. ఇప్పుడు నీ ఇంటికొచ్చి, ఆ చారల గడ ముందు చేతులు కట్టుకుని, పైనుంచి నువ్వు ఊ అనేదాకా ఎదురుచూడాలా? బాగుందిరా వరస! నేను రాను. మీ అక్క ఉంటే అదీ ఇదే మాట అనేది.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఇంటాయన ఎవరినో తీసుకొచ్చి టేపుతో గోడలు కొలిపిస్తున్నాడు. సున్నం వేయిస్తాడు కాబోలు.

ఆ కిటికీలోంచి కనిపించే లైను సింగిలా, డబులా? గూడ్సు బళ్ళు కూడా వెళ్తాయా? తెలుసుకుందామని అడుగుతున్నా, అంతే.

మీ బావ


మూడో అంతస్తు,
మొదటి వాన పడిన రోజు

బావకి,

డబుల్ లైనే. గూడ్సులూ వెళ్తాయి, ప్యాసింజర్లూ వెళ్తాయి. ఒక గూడ్సు సరిగ్గా మన కిటికీ ఎదురుగా మలుపు తిరుగుతుంది. ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా మొత్తం ఒక్క చూపులో పడుతుంది. నువ్వు ఎప్పుడైనా నీ బండిని మొత్తంగా చూశావా? చూసి ఉండవు. ఎప్పుడూ ముందు కూర్చునేవాడివి.

పేరు సంగతి. నీ పేరు నేను అక్క పెళ్ళి శుభలేఖలో చూశాను. ఎక్కడ మొదలైందో తెలిసింది గానీ ఎక్కడ ఆగిందో తెలీలేదు. మళ్ళీ దానితో నాకు పనిపడలేదు. అక్క "ఏమండీ" అనేది. షెడ్డులో "డ్రైవరుగారూ" అనేవారు. నేను "బావా" అన్నా. ఇంకెవరు పిలిచారు నిన్ను ఆ పేరుతో? జీతం ఇచ్చే గుమాస్తా తప్ప. నాకు నీ పేరు తెలీకపోతేనేం, నీ హారన్ తెలుసు. అందరూ పొడుగ్గా కొట్టి వదిలేసేవాళ్ళు. నువ్వు పొడుగ్గా కొట్టి చివర్లో చిన్నగా విరిచేవాడివి, మాట చెప్పి చిటికె వేసినట్టు. వంటలో ఉన్నా, స్నానంలో ఉన్నా, అదిగో బావ అనుకునేవాణ్ణి. అంతకంటే పేరేం కావాలి?

ఇక ఇక్కడి కబుర్లు. లిఫ్టు ఉంది బావా! గది లాంటిదే గానీ నించునే ఊరెళ్ళొచ్చు. నేను కిందికి పనిలేకపోయినా రెండుసార్లు దిగుతున్నా. నిన్న లోపల ఒకావిడ "ఏ ఫ్లోరండీ?" అని అడిగింది. "ఎక్కడికైనా సరేనమ్మా" అన్నాను. ఆవిడ నాలుగులో దిగి నా వంక అదోలా చూసుకుంటూ వెళ్ళింది.

ఇక్కడి సెక్రటరీ రిటైరైన పళ్ళ డాక్టరమ్మ. మంచి మనిషే గానీ మనం మాట్లాడుతుంటే మొహంలోకి చూడదు, నోట్లోకి చూస్తుంది. నేను ఆవిడ ముందు పెదాలు కదపకుండా మాట్లాడ్డం నేర్చుకుంటున్నా. నిన్న లిఫ్టు దగ్గర ఆపి, "మీ బావగారు ఎప్పుడొస్తున్నారు?" అని అడిగింది. ఏదో మాటల్లో నీ గురించి చెప్పా. పెద్ద బళ్ళు నడిపాడని, చండశాసనుడని. అంతకంటే ఏం లేదు. నువ్వేమీ ఊహించుకోకు.

గేటు దగ్గర ఆగాల్సొస్తుందని బాధ అయితే, ఆగడం ఎంతసేపని? ఫ్లాటు నంబరు చెప్పాలి, వచ్చినవాళ్ళ పూర్తి పేరు చెప్పాలి. నీకు చేతినిండా పేరుంది కదా, అక్కడైనా పనికొస్తుంది. చెప్పెయ్, ఆవిడ నాకు మోగిస్తుంది, నేను ఊ అంటాను, గడ లేస్తుంది. నీకోసం ఆ గడ లేవడం నేను పై కిటికీలోంచి చూడాలి. అదొక్కటే నా ముచ్చట.

రెండో గది తుడిపించాను. దుమ్ము పట్టిందని.

నీ బామ్మర్ది


పాత వీధి,
బుధవారం

ఒరేయ్,

నీ లిఫ్టు ప్రయాణాలు చదివి పోస్టుమ్యానూ నేనూ కలిసి నవ్వుకున్నాం. వాడికి నీ ఉత్తరాలు అలవాటైపోయాయి. కవరు ఇచ్చి వెళ్ళడు, గుమ్మం మీద కూర్చుంటాడు.

గూడ్సు మలుపు తిరగడం గురించి రాశావు. నిజమే, నేనెప్పుడూ నా బండిని మొత్తంగా చూడలేదు. ఆ మాట నువ్వు రాసేదాకా నాకు తట్టలేదు.

ఆ రెండో గది కొలత ఎంత ఉంటుంది? నా ట్రంకుపెట్టెలాంటిది పడుతుందా? నీకు తెలుసుగా, లైనుకెళ్ళేటప్పుడు తీసుకెళ్ళేది, నల్లది. ఇప్పుడు వస్తున్నానని కాదు. నాకు ఇళ్ళ కొలతలంటే ఈమధ్య సరదా పుట్టింది. మా ఇంటాయన టేపు చూసీ చూసీ.

గేటు దగ్గర ఆగే విషయంలో నా మాట మారలేదు. అయినా, పూర్తి పేరు చెబితే చాలంటావు, అంతేనా? బతిమాలడం, సంతకాలు, అవేం లేవుగా?

మీ బావ


మూడో అంతస్తు,
సోమవారం సాయంత్రం

బావా,

పడుతుంది! అలాంటివి రెండు పడతాయి! నీ ఉత్తరం వచ్చి వారమైంది. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడుతోంది. ఈరోజు మాత్రం ఆగలేను. నిన్న జరిగింది నీకు చెప్పి తీరాలి.

డబ్బా మోగింది!

నేను పొయ్యి మీద ఉల్లిపాయలు వేయిస్తున్నా. టిర్రుమంది. గరిటె పడేసి పరుగెత్తా. కాపలా ఆవిడ, "సార్, మీకోసం విజిటర్ వచ్చారు, పంపమంటారా?" అంది. ఎవరమ్మా అన్నా. ఏదో పేరు చెప్పింది. సగం గరగరలో పోయింది, ఉన్న సగమే బారెడుంది. మళ్ళీ చెప్పమన్నా. మళ్ళీ చెప్పింది. వెంకటో, రాజో, మూర్తో, ముగ్గురు మనుషుల్ని ఒకే తాడుకి కట్టినట్టుంది. ఇటు ఉల్లిపాయలు మాడుతున్నాయి. ఏ ఇన్సూరెన్సువాడో, నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాడో అయి ఉంటాడు. వాళ్ళకే ఉంటాయి అలాంటి పేర్లు. గొంతు పెంచి చెప్పా చూడు, "ఆ పేరుగలవాడు మా వంశంలోనే లేడమ్మా! నాకు తెలీదు. పంపించెయ్!"

పంపించేసింది బావా! ఒక్క మాటకి! కిటికీలోంచి చూద్దామని వెళ్ళేసరికి ఆటో వెనక్కి తిరిగి పోతోంది. నా మాట మీద ఒక ఆటో వెనక్కి తిరిగింది! పాతరోజుల్లో నేను గేటు వేస్తే జనం గడ కింద దూరి పోయేవాళ్ళు. ఇక్కడ నా నోటిమాటే గడ. రాత్రి భోజనం చేస్తూ కూడా నవ్వుకున్నా. ఉల్లిపాయలు మాడిపోయాయి, పోనీ.

సరే. ఇంతదాకా సంతోషంగా రాశా. ఇప్పుడొకటి రాస్తా, నవ్వకు.

ఇక్కడ ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి ఇల్లివ్వరట. కమిటీ తీర్మానమట. పడిపోతే ఎవరు చూస్తారని. ఇల్లు అడిగినరోజు పళ్ళ డాక్టరమ్మ, "మీతో ఎవరుంటారు?" అంది. మా బావ ఉంటాడు అనేశా. అది నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు, గేటు చూసిన ఊపులో ఉన్నా. ఇప్పుడు ఈ నెలాఖరులోగా బావగారు కనిపించకపోతే ఇల్లు వేరేవాళ్ళకిచ్చేస్తాం అంటోంది. ఈసారి నోట్లోకి కాదు, మొహంలోకి చూసి చెప్పింది.

నీకు ముందే చెప్పొచ్చు. చెబితే నువ్వు, "నీ ఇల్లు నిలబెట్టడానికి నేను కావాల్సొచ్చానా" అంటావు. అది నాకు పడదు. అందుకే గూడ్సులు, లిఫ్టులు, కిటికీలు అని చుట్టూ తిరిగా. ఇక తిరగడానికి దారి లేదు. ఆ రెండో గది దుమ్ము పట్టిందని తుడిపించలేదు. నీకోసమే తుడిపించా. ఇల్లు మాట అటుంచు. ఇద్దరం ముసలాళ్ళం రెండు ఊళ్ళలో రెండు పొయ్యిలు వెలిగించి టీ పెట్టుకోవడం ఏంటి? రా బావా.

నీ బామ్మర్ది


పాత వీధి,
గురువారం

మహారాజశ్రీ మూడో అంతస్తువారి సముఖమునకు,

తమరి ఉత్తరం చేరింది. మాడిన ఉల్లిపాయల గురించి చదివి విచారించాను.

ఆ ఇన్సూరెన్సువాణ్ణి నేనే.

ముగ్గురు మనుషుల్ని ఒకే తాడుకి కట్టిన ఆ పేరు నాదే. మా నాన్న పెట్టింది. తమరి అక్కగారు పెళ్ళిపీటల మీద మొదటిసారి విని సిగ్గుపడి నవ్విన పేరు. కాపలా ఆవిడకి నేను అక్షరం మింగకుండా చెప్పాను. ఆవిడ డబ్బాలో మాట్లాడింది. నాకు వినపడదు కనక ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాను. మొహం మారిపోయింది. చెయ్యి అడ్డంగా ఊపింది. మళ్ళీ అడగమన్నాను. మళ్ళీ చెయ్యే ఊపింది. ఆటోవాడు నా వంక జాలిగా చూశాడు. నా వంక! ఇంజనెక్కితే ఊళ్ళకి ఊళ్ళే పక్కకి తప్పుకున్న మనిషి వంక!

సర్వీసంతా నువ్వు నాకోసం గేటు వేశావు, అది దారివ్వడం. మొన్న మాత్రం నా మొహం మీద వేశావు.

ట్రంకుపెట్టెతో వచ్చాను. ఇంటాయన టేపు పట్టింది సున్నానికి కాదు, ఇల్లు పడగొట్టడానికి. ఆ సంగతి నీకు రాస్తే నీ గొప్ప ఇంటికి గతిలేక వచ్చానంటావు. అందుకే చెప్పకుండా, చూసిపోవడానికి వచ్చినట్టు వచ్చి, నాలుగు రోజులుండి, ఆ గూడ్సుబళ్ళు బాగున్నాయి ఇంకో నాలుగు రోజులుంటానని అందామనుకున్నా. మంచం పోస్టుమ్యాన్‌కి ఇచ్చేసి వచ్చా. తిరిగొచ్చి నేల మీద పడుకుంటున్నా. వాడు మంచం తెచ్చిస్తానంటాడు, ఇచ్చింది తిరిగి తీసుకోవడం నాకు చేతకాదు.

నెలాఖరుకి ఇక్కడ గోడలుండవు. నేను ఎక్కడో ఒకచోట చూసుకుంటా. నీ కమిటీకి వేరే బావని చూపించు. మీ వంశంలో ఆ పేరుగలవాళ్ళు లేరుగా.

ఇట్లు,
తమరికి తెలియని విజిటర్


మూడో అంతస్తు,
శనివారం. ఉత్తరం అందిన గంటలోనే

బావా బావా బావా,

కాళ్ళు పట్టుకుంటానని అనుకోకు, పట్టుకోను. సగం తప్పు నీది. "నేను ఆయన బావని" అని ఒక్క ముక్క చెప్పడానికి నీకేం వచ్చింది? పేరు చెప్పాడట పేరు! ఇన్నేళ్ళుగా ఎవరికీ పనికిరాని పేరు తెచ్చి నాకు, అదీ గరగరలాడే డబ్బాలో, అదీ ఉల్లిపాయలు మాడుతుండగా! పేరు మానేసి కిందినుంచి ఒక్క హారన్ కొట్టించి ఉంటే, పొడుగ్గా కొట్టి చివర విరిచి ఉంటే, లుంగీ మీదే మెట్లు దిగి వచ్చేవాణ్ణి. లిఫ్టు కోసం కూడా ఆగేవాణ్ణి కాదు.

సరే, మిగతా సగం తప్పు నాది. ఒప్పుకున్నా. ఇక దాన్ని తవ్వకు.

నీ ఉత్తరం చదివి కాపలా ఆవిడ దగ్గరికి పరిగెత్తా. "అమ్మా, ఆరోజు వచ్చినాయన దగ్గర నల్ల ట్రంకుపెట్టె ఉందా?" అన్నా. "ఉంది సార్. పాపం, పెట్టె మీద చెయ్యేసుకుని అలాగే నిలబడ్డారు. ఆటో తిరిగాక కూడా గడ వంకే చూశారు" అంది. నేను రోడ్డు మీదే కూర్చుండిపోయా. ఆవిడ హడలిపోయి నీళ్ళు తెచ్చింది. "ఆయనెవరు సార్?" అంది. "నువ్వు వెనక్కి పంపింది ఇన్సూరెన్సుని కాదమ్మా, మా అక్క మొగుణ్ణి" అన్నా. "నేనెక్కడ పంపాను సార్, మీరే పంపారు" అంది. నిజమే కదా.

ఇప్పుడు విను. నేను నోటితో పంపాను కాబట్టి చేత్తో పిలుస్తా.

పళ్ళ డాక్టరమ్మ దగ్గరికెళ్ళి అంతా చెప్పా. మొదట నవ్వింది, తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నువ్వొచ్చేరోజు గేటు నాకు అప్పగించమన్నా. "అంటే ఏం చేస్తారు?" అంది. "ఏముంది, బండి వస్తుందంటే గేటు వేస్తా. లోపలి కార్లు లోపల, బయటి కార్లు బయట. మా బావ బండికే గడ లేస్తుంది, అది వెళ్ళాకే మిగతావాళ్ళు" అన్నా. "హారన్లు కొడతారండీ జనం, తిడతారు" అంది. "కొట్టనివ్వమ్మా, నాకు అలవాటే. వాళ్ళ తిట్లు విని చాన్నాళ్ళైంది" అన్నా. ఒక్కసారికి ఒప్పుకుంది. కానీ ఆవిడా వచ్చి నిలబడుతుందట, చూడాలట. కాపలా ఆవిడ బూట్లు ఇప్పటినుంచే తోముతోంది.

జెండా ఉతికా. మడతల దగ్గర కొంచెం వెలిసింది గానీ దూరం నుంచి పచ్చగానే కనిపిస్తుంది. నీకు చెవులే పోయాయి, కళ్ళు బాగానే ఉన్నాయిగా?

కాపలా ఆవిడ చేత నీ పేరు చెప్పించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నా. కవరు మీద మొదటిసారి పూర్తిగా రాశా. రెండు వరుసలు పట్టింది. చివర్లో స్టాంపుకి చోటు లేక వెనక అంటించా. ఇక మా వంశంలో లేడని అనలేను, గోడ మీద కూడా రాసిపెట్టుకున్నా.

ఏ బండికి వస్తావో రాయి. కోపం దించుకోకపోయినా ఫర్వాలేదు, పెట్టెతో పాటు తెచ్చుకో. ఆ గదిలో దానికీ చోటుంది.

నీ బామ్మర్ది


పాత వీధి,
గురువారం

ఒరేయ్ బామ్మర్దీ,

నీ ఉత్తరం నాకు చేరడానికి ఎందుకు ఆలస్యమైందో తెలుసా? కవరు మీద నా పేరు రాశావు. ఆ పేరుగలవాడు ఎవరని పోస్టుమ్యాన్ వీధంతా అడిగాడట. ఎవరికీ తెలీదు. ట్యాంకు పక్క ఇల్లని రాయడం మానేశావు పేరు రాసిన సంతోషంలో. చివరికి వెనక్కి పంపేద్దామని తిప్పేసరికి స్టాంపు వెనక కనిపించిందట. ఇలాంటి పని చేసే మనిషి ఒక్కడేనని పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం గుమ్మం మీద కూర్చుని చదివాం. నీ జెండా దగ్గరికొచ్చేసరికి వాడు ముక్కు చీదాడు. నేను చీదలేదు. నాకు జలుబు, అంతే.

కవరు మీద నా పేరు చాలాసేపు చూశా. మధ్యలో ఒక అక్షరం తప్పు రాశావు. అలాగే ఉండనీ. ఇకమీద మామూలుగా బావా అనే పిలువు, గోడ మీదది చెరిపెయ్.

ఆదివారం పొద్దున ప్యాసింజరుకి దిగుతున్నా. స్టేషన్ నుంచి ఆటో. ఆటోవాడికి డబుల్ ఇచ్చైనా సరే, పొడుగ్గా కొట్టి చివర విరవడం నేర్పిస్తా. మలుపు తిరగ్గానే కొడతాడు. వింటావుగా? నీ చెవులైనా బాగున్నాయిగా?

కార్లవాళ్ళు తిడితే తిట్టనివ్వు. జెండా వంచకు. నేను ఆగను, చెప్తున్నా.

గేటు వెయ్యి.

మీ బావ